మూడు ట్యూబాలు, ఇరవై రెండు నెలలు: టిరోల్ ఊరి బ్యాండులో నా అనుభవం

మొన్న జూన్ 19 గురువారం మా ఊళ్ళో క్యాథలిక్కుల పండగ ఫ్రోన్‌లైఖ్నామ్ ఊరేగింపు అయింది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా మండే ఎండలో, మందపాటి ఉన్ని జాకెట్టు వేసుకుని, ఏడున్నర కిలోల ఇత్తడి ట్యూబాని, అంటే బ్యాండులో అన్నిటికన్నా కింది స్వరాలు పలికే పెద్ద బూరాని, భుజాన తగిలించుకుని ఊదుకుంటూ నడిచాను. ఎడమ భుజం మీద బెల్టు కోసిన ఎర్ర గీత ఇంకా పోలేదు. అది పోయేలోపే రాసేయాలని కూర్చున్నాను, ఎందుకంటే నాకు కొంచెం బాగున్నప్పుడు పడ్డ కష్టం మర్చిపోయే అలవాటుంది. మొదలుపెట్టే ముందు ఎవరైనా నాకు ఇవన్నీ చెప్పి ఉంటే కనీసం వెయ్యి యూరోలు మిగిలేవి.

మాది తెనాలి. ఆరేళ్ళుగా ఆస్ట్రియాలో, టిరోల్ రాష్ట్రంలో, ఇన్ నది లోయలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. ఇక్కడ ప్రతి ఊరికీ ఒక బ్యాండు ఉంటుంది. మన ఊళ్ళో రామాలయం ఉన్నట్టు అనుకోండి, లేకపోతే ఊరే కాదు. వేసవిలో వారానికొకసారి సాయంత్రం ఊరి మధ్య చావిట్లో కచేరీ పెడతారు. 2023 ఆగస్టులో అలాంటి ఒక కచేరీలో మా పక్కింటాయన, ఆయన ఆ బ్యాండుకి అధ్యక్షుడని నాకప్పటికి తెలీదు, మా పాపని ఫ్లూట్ నేర్చుకోవడానికి పంపమని అడిగాడు. పంపుతాను అన్నాను. "మరి నువ్వు?" అన్నాడు. నేను చిన్నప్పుడు తొమ్మిదో క్లాసు దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, గీతాల దగ్గర ఆగిపోయింది అని ఏదో మాటకి మాట చెప్పాను. అంతే, "అయితే శ్రుతి తెలుసు నీకు. మాకు బాస్ కావాలి" అన్నాడు. ఇక్కడ ట్యూబాని ఎవరూ ట్యూబా అనరు, బాస్ అనే అంటారు. నాకది గిటార్ అనిపించింది. సరే అన్నాను.

2023 సెప్టెంబరు 15, శుక్రవారం. రిహార్సల్ గదికి వెళ్తే నా ముందు ఒక నల్ల పెట్టె పెట్టారు, మా ఇంట్లో వాషింగ్ మెషిన్ వచ్చిన పెట్టె అంత ఉంది. లోపల బే ట్యూబా, అంటే వేళ్ళతో ఏ మీటా నొక్కకుండా ఊదితే బే అనే స్వరం పలికే ట్యూబా. ఈ "బే" సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ఏడాదిన్నర తర్వాత పరీక్షలో మార్కులు పోయాయి. జర్మన్ మాట్లాడేవాళ్ళు మనం బి-ఫ్లాట్ అనేదాన్ని "బే" అంటారు, మామూలు బి-ని "హా" అంటారు. ఇంగ్లీషు అలవాటుతో వెళ్ళిన మనం ఈ ఒక్క స్వరం దగ్గర జీవితాంతం తడబడతాం.

ఆ బే ట్యూబా విప్పదీసి సాగదీస్తే గొట్టం ఐదున్నర మీటర్లు ఉంటుందట. ఇంటికి తెచ్చి నేను ఎత్తుకుని బరువు చూసే మెషిన్ ఎక్కి, నా బరువు తీసేసి లెక్కేశాను: 9 కిలోల 400 గ్రాములు. నేను ఐదడుగుల ఒక్క అంగుళం. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటే మౌత్‌పీసు నా ముక్కు దగ్గరికి వస్తోంది. మెడ ఎత్తి, కొంగలాగా, ఊదాలి. దీనికి మందు రెండు నెలల తర్వాత దొరికింది: ట్యూబాని కుర్చీ అంచు మీద ఆనించి, నా కింద మాత్రం దిండు వేసుకోవడం. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆ బ్యాండులో ఇప్పటిదాకా బాస్ ఊదినవాళ్ళందరూ ఆరడుగుల వాళ్ళే.

ఇన్స్ట్రుమెంట్ బ్యాండుదే, సభ్యులకి ఊరికే ఇస్తారు. ఏడాదికోసారి సర్వీసింగ్ ఖర్చు కూడా వాళ్ళదే. సంగీత పాఠశాలలో పెద్దవాళ్ళకి సీటు దొరకడం కష్టం అని భయపెట్టారు, ట్రంపెట్‌కి నిజంగానే వెయిటింగ్ లిస్టు ఉంది. ట్యూబాకి దరఖాస్తు ఇచ్చిన నాలుగో రోజే ఫోన్ వచ్చింది. వారానికి అరగంట పాఠం, ఒక్కో సెమిస్టరుకి నాకు పడింది 390 యూరోలు, అందులో సగం బ్యాండు వాళ్ళే కట్టారు.

మొదటి మూడు పాఠాల్లో ట్యూబా ముట్టుకోనివ్వలేదు. ఒట్టి మౌత్‌పీసు పెదాలకి పెట్టుకుని బుర్‌ర్‌ర్ అనిపించడమే. చంటిపిల్లలు పాలు తాగాక చేస్తారే, అదే. ఐదు నిమిషాలకి కళ్ళు తిరిగాయి. ఊపిరి ఎక్కువై తిరుగుతాయట, తక్కువై కాదు. నాలుగో పాఠంలో గొట్టానికి తగిలించి ఊదితే వచ్చిన మొదటి చప్పుడు, ఉన్నమాట చెప్తున్నా, గేదె అరిచినట్టుంది. రెండోది కొంచెం దూరాన ఉన్న గేదె.

ఇంట్లో సాధన గురించి. మాది అపార్ట్‌మెంటు. రాత్రి పదయ్యాక చప్పుడు చేయకూడదు, ఆదివారం అసలు చేయకూడదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కూడా మా బిల్డింగులో నిషేధం. మూడో వారంలోనే తలుపు కింద చీటీ. అందులో తిట్లేమీ లేవు, "మీ హీటర్ పాడైనట్టుంది, మెకానిక్‌ని పిలవండి" అని ఉంది. ఎటకారమో నిజంగానే అనుకున్నారో ఈ రోజుకీ తెలీదు. 130 యూరోలు పెట్టి మ్యూట్ కొన్నాను. అదొక చిన్న పిల్లాడంత ఉంటుంది, ట్యూబా వెడల్పాటి నోట్లో దోపితే శబ్దం తగ్గుతుంది కానీ ఊదడం బరువెక్కుతుంది, స్వరం కాస్త పైకి పోతుంది. చివరికి రిహార్సల్ గది తాళంచెవి ఒకటి ఇచ్చారు. చలికాలం అంతా రాత్రి ఏడింటికి వెళ్ళి, ఖాళీ కుర్చీల మధ్య ఒక్కదాన్నే కూర్చుని ఊదేదాన్ని.

ఇక అసలు తప్పు. 2024 జనవరి. మెడ నొప్పి, నడుం నొప్పి, ఆ బండరాయిని మోయలేక విసుగు. నాకంటూ చిన్నది ఒకటి కొనుక్కుంటే పోతుంది కదా అనిపించింది. ఇంటర్నెట్‌లో వెతికితే స్విట్జర్లాండ్‌లో ఒకాయన ఈ-ఫ్లాట్ ట్యూబా అమ్ముతున్నాడు, 1,400 ఫ్రాంకులు, ఫోటోల్లో వెండిలా మెరుస్తోంది, బరువు ఆరున్నర కిలోలు. మాస్టారిని అడగలేదు. బ్యాండులో అడగలేదు. మా ఆయన మాత్రం "ఎవరినైనా ఓ మాట అడుగు" అన్నాడు, ఆయన చెప్పాడు కాబట్టి అస్సలు అడగలేదు.

జనవరి 20 శనివారం కారులో వెళ్ళి తెచ్చుకున్నాం. తిరుగు ప్రయాణంలో ఫెల్డ్‌కిర్ఖ్ దగ్గర సరిహద్దు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కదా, రోడ్డు మీద వచ్చేవాళ్ళు 300 యూరోలు దాటిన వస్తువు ఏది తెచ్చినా చెప్పి పన్ను కట్టాలి. ఆస్ట్రియాలో వ్యాట్ 20 శాతం, దాని పైన కొద్దిగా కస్టమ్స్ సుంకం. యాభై నిమిషాలు నిలబెట్టారు. ఆఫీసరు ట్యూబా చూసి "నువ్వే ఊదుతావా?" అని రెండుసార్లు అడిగాడు. మొత్తం కలిపి 1,820 యూరోలు చేతిలోంచి పోయాయి. ఇంటికొచ్చి చూస్తే రెండో వాల్వు (వేలితో నొక్కితే స్వరం మార్చే మీట) గొట్టం కదలట్లేదు, అడుగు వంపులో సొట్ట ఉంది, పైన పాలిష్ కొట్టి కప్పేశారు. బాగు చేయడానికి మేస్త్రి తీసుకుంది 280, ఐదు వారాలు.

డబ్బు పోతే పోయింది. మార్చి 1న, శుక్రవారం, దాన్ని మొదటిసారి పూర్తి రిహార్సల్‌కి తీసుకెళ్ళాను, అప్పుడు తెలిసింది అసలు విషయం. స్విట్జర్లాండ్‌లో చాలా బ్యాండులు ఇంగ్లాండ్ పద్ధతివి: అన్నీ ఇత్తడే, క్లారినెట్లు ఫ్లూట్లు ఉండవు, వాల్వులు పైకీ కిందకీ కదిలే పిస్టన్లు, ఈ-ఫ్లాట్ బాస్ వాళ్ళకి మామూలే. ట్యూబా స్వరాలు కూడా వాళ్ళు ట్రంపెట్ లాగా పై క్లెఫ్‌లో (క్లెఫ్ అంటే కాగితం మీద ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) రాసుకుంటారు. మా దగ్గర, అంటే టిరోల్లో, పక్కనే ఉన్న బవేరియాలో, వాల్వులు గుండ్రంగా తిరిగే రోటరీవి. బాస్ స్వరాలు బాస్ క్లెఫ్‌లో, ఎలా వినిపిస్తే అలా రాసి ఉంటాయి. ట్యూబా మారితే కాగితం మారదు, వేళ్ళు మారాలి. ఆరు నెలలు కష్టపడి నా వేళ్ళకి పట్టించిన లెక్క మొత్తం ఒక్కసారిగా తప్పయిపోయింది. పైగా దానికి మూడే వాల్వులు. మార్చ్‌లలో, అంటే నడుస్తూ వాయించే పాటల్లో, బాస్ స్వరాలు చాలావరకు పైన ఒకటి, ఒక స్థాయి (ఆక్టేవ్) కింద ఒకటి అని జంటగా రాసి ఉంటాయి. ఆ కింది వరసలోని జి, ఎఫ్ నా ఈ-ఫ్లాట్‌లో దొరకనే దొరకవు.

సరే, పై వరస ఊదుతాను అన్నాను. ఊదాను. బ్యాండుని నడిపించే కండక్టర్ చేతిలో కర్ర ఆపి, మర్యాదగానే, "బాగుంది, కానీ ఇది ఇంకో ఊరి గొంతు" అన్నాడు. నా పక్కన కూర్చునే పెద్దాయన, డెబ్బై ఒక్క ఏళ్ళు, వడ్రంగి పని చేసి రిటైరయ్యాడు, బే ట్యూబా నలభై ఏళ్ళుగా ఊదుతున్నాడు. ఆయన ఏమీ అనలేదు. తన ట్యూబా పక్కన పెట్టి, నాది తీసుకుని ఒక్క స్వరం ఊదాడు, తర్వాత తనదాంట్లో అదే స్వరం ఊదాడు. నాది పాత కాలపు సన్న గొట్టం, స్వరం సూటిగా, పల్చగా వెళ్ళి గోడకి తగిలింది. ఆయనది మాత్రం ఎక్కడ మొదలైందో తెలియకుండా గది నేలంతా నిండింది. వెనక టెనర్‌హార్న్‌లు, ఫ్లూగెల్‌హార్న్‌లు అనే బూరాలు అన్నీ ఆ మెత్తటి గొంతువే, అన్నీ రోటరీవే, అందరి కింద పరుపులా పరుచుకోవాల్సింది బాస్. నా వాయిద్యం మంచిదా చెడ్డదా అన్నది కాదు గొడవ. చుట్టూ ముప్ఫై ఎనిమిది మంది ఊదుతున్నదానికి ఏది కలుస్తుందో అదే నా వాయిద్యం. అది తెలుసుకోవడానికి నేను సరిహద్దు దాటి వెళ్ళొచ్చాను.

ఆ ఈ-ఫ్లాట్‌ని మే నెలలో మళ్ళీ స్విట్జర్లాండ్‌కే, వేరే ఆయనకి, 1,100 యూరోలకి అమ్మేశాను. సరిగ్గా వెయ్యి నష్టం. మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

మళ్ళీ బే ట్యూబా, దిండు, కొంగ మెడ. ఈసారి పెద్దాయన నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు, పాఠశాల మాస్టారు చెప్పనివి. పోల్కా అయినా మార్చ్ అయినా బాస్ పని దెబ్బ మీద ఊదడం, హార్న్‌లు సందులో ఊదుతాయి: హుమ్-తా, హుమ్-తా. వాల్ట్జ్ అయితే హుమ్-తా-తా. ఊదేది కూడా రెండే స్వరాలు, మూల స్వరం, దాని పంచమం. ఇది విన్న రోజు నాకు నవ్వాగలేదు. సా, పా! తొమ్మిదేళ్ళ వయసులో మా టీచరుగారు తంబురా పెట్టి గంటలు గంటలు వినిపించింది ఇదే కదా. మన పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించే ఆయన పక్కన ఇంకొకాయన కూర్చుని ఒకటే స్వరం ఊదుతూ ఉంటాడు, ఒత్తు అంటారు, ఎవరూ ఆయన వంక చూడరు. నేను ఆ ఒత్తు ఆయన్ని అన్నమాట.

కానీ తేడా ఉంది, అక్కడే నాకు మూడు నెలలు పట్టింది. ఒత్తు కదలదు. మన సా ఎప్పుడూ మన సా-నే. ఇక్కడ రెండేసి బార్లకి (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది) సా ఇల్లు మారుతుంది, పాట సి నుంచి జి-కి వెళ్తే నేను కూడా జి, డి అని వెంటనే దూకాలి. నా చెవి దూకనంటుంది. ఎక్కడో లోపల తంబురా మోగుతూనే ఉంటుంది, చేతులు సి మీదే ఉండిపోతాయి. పెద్దాయన మోచేత్తో పొడిచేవాడు. ఇంకొకటి, పెద్ద గొట్టం కాబట్టి స్వరం పలకడానికి కాస్త సమయం పడుతుంది. డ్రమ్ము విని ఊదితే ఆలస్యం అయిపోయినట్టే. "డ్రమ్ము వినకు, కర్ర చూడు, కర్ర కిందికి వచ్చేలోపే నువ్వు మొదలుపెట్టి ఉండాలి" అని వందసార్లు చెప్పి ఉంటాడు. స్వరాన్ని తోయకూడదు, గుండ్రంగా వదిలి వెంటనే చోటివ్వాలి, లేకపోతే సందులో ఊదే హార్న్‌ల వాళ్ళకి ఊపిరాడదు.

2024 మే 30న నా మొదటి ఊరేగింపు. బ్యాండు బయటికి వెళ్ళే ప్రతి కార్యక్రమాన్నీ ఇక్కడ అవుస్‌రూకుంగ్ అంటారు, దండు కదిలినట్టు. బట్టలు బ్యాండువే, కొలత తీసి సరిచేసి ఇస్తారు. ఆడవాళ్ళకి పొడుగు పావడా, బిగుతు రవిక లాంటిది, పైన జాకెట్టు, టోపీ. బకిల్ ఉన్న నల్ల బూట్లు, తెల్ల మేజోళ్ళు మాత్రం మనవే, 110 యూరోలు అయింది. స్వరాల కాగితాలు అరచేతి కన్నా కాస్త పెద్దవి, చిన్న క్లిప్పులో పెట్టి ట్యూబాకే తగిలిస్తారు. నడుస్తుంటే అవి ఊగుతాయి, అక్షరాలు చీమల్లా ఉంటాయి. చత్వారం ఉన్నవాళ్ళు ఆ దూరానికి వేరే కళ్ళజోడు చేయించుకోండి, నేను 85 యూరోలకి తర్వాత చేయించుకున్నాను.

ఊరేగింపు నాలుగు చోట్ల ఆగుతుంది, ప్రతి చోటా పూలతో పీఠం, పాదిరిగారి ప్రార్థన. ప్రార్థన అవగానే పాత కాలపు వేషాల్లో ఉన్న తుపాకుల దళం ఒక్కసారి గాల్లోకి కాలుస్తుంది. అందరికీ తెలుసు, నాకు తప్ప. మొదటి పీఠం దగ్గర నేను మౌత్‌పీసు పెదాలకి పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను, ధన్ మని పేలింది, ఎగిరిపడ్డాను, మౌత్‌పీసు పై పంటికి తగిలింది. పన్ను విరగలేదు, పెదవి చిట్లింది. మిగతా మూడు పీఠాల దగ్గర రక్తం రుచితోనే ఊదాను. తుపాకులు పేలేదాకా ట్యూబా కిందికి దించి ఉంచాలి, ఇది రాసుకోండి.

ఆ రాత్రి అమ్మకి వీడియో పంపాను. వెంటనే ఫోను. "ఏమే, చర్చి ఊరేగింపులో బూరా ఊదుతున్నావా?" అంది. ఏం చెప్పాలో తోచక నసుగుతుంటే తనే మళ్ళీ, "పోన్లే, మన గుళ్ళల్లో స్వామివారికి సన్నాయి వాయించింది షేక్ చినమౌలానా గారు కాదూ" అంది. తర్వాత అసలు ప్రశ్న వేసింది: "అంత పెద్దది నీకెందుకు ఇచ్చారు, చిన్నది లేదా?"

అదే ప్రశ్న నేనూ జూన్ 9 తర్వాత మళ్ళీ వేసుకున్నాను. ఆ ఆదివారం హెర్ట్స్-యేసు, టిరోల్ వాళ్ళు 1796లో చేసుకున్న మొక్కు పండగ, రాత్రికి కొండల మీద మంటలు వెలిగిస్తారు. చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. నేను చూడలేదు. పొద్దున బే ట్యూబాతో రెండు కిలోమీటర్లు ఎత్తుకి నడిచి, సాయంత్రానికి నడుం పట్టేసి పడుకున్నాను. వారం సెలవు పెట్టాల్సి వచ్చింది.

ఈసారి మాస్టారిని అడిగాను. ఆయన ఎఫ్ ట్యూబా అన్నాడు. గొట్టం మూడు మీటర్ల డెబ్బై దాకా, రోటరీ వాల్వులే, అదే మెత్తని గొంతు కానీ కొంచెం చురుకు. బ్యాండులో పెద్దాయన బే ఊదుతున్నంత కాలం పై వరసకి సరిగ్గా సరిపోతుంది. ఐదారుగురు కలిసి వాయించే టాంట్సెల్‌మూసీలో, అంటే క్లారినెట్, ఫ్లూగెల్‌హార్న్, స్టైరిష్ హార్మోనికా (బటన్ల అకార్డియన్), హార్ప్ ఉండే చిన్న నాట్య బృందంలో, ఎఫ్ అయితేనే మిగతావాళ్ళు వినిపిస్తారు. హార్మోనికా ఎడమ చేతి బాస్‌లని హెలికాన్ బాస్‌లు అంటారట, భుజానికి చుట్టుకునే ట్యూబా లాంటి హెలికాన్ గొంతు పోలి ఉంటుందని. "చిన్నదని తక్కువ చూడకు, 1835లో బెర్లిన్‌లో పేటెంటు తీసుకున్న మొట్టమొదటి ట్యూబా ఎఫ్‌లోనే ఉంది, బే తర్వాత వచ్చింది" అన్నాడు. ఈ మాట కండక్టర్‌కి నేనే రెండుసార్లు వినిపించాను.

సెప్టెంబరు 2024 నుంచి వెతకడం. కొత్తది పదివేల యూరోలు దాటుతోంది, ఆ మాటే లేదు. బ్యాండు బే ట్యూబా మీరాఫోన్ వాళ్ళది, వాల్డ్‌క్రైబుర్గ్‌లో తయారైంది. మా ఊరి పక్కనుంచి పారే ఇన్ నదే దిగువన బవేరియాలో ఆ ఊరి పక్కనుంచి కూడా పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న గ్రాస్లిట్స్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన వాయిద్యాల మేస్త్రులు 1946లో పెట్టిన కంపెనీ అది. అందుకే మా వాళ్ళకి అదొక సెంటిమెంటు. నేను నాలుగు పాత ఎఫ్ ట్యూబాలు చూశాను. ఒకదానికి వాల్వులు వదులు, ఒకదాంట్లో పై సి ఎంత సర్దినా పైకే పోతోంది, ఒకటి బాగుంది కానీ నా పొట్టి చేతికి వాల్వులు అందలేదు. చేతికి అందకపోవడం అనేది ఎవరూ ప్రకటనలో రాయరు, కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

మధ్యలో డిసెంబరు 31. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి కొత్త సంవత్సరం ఊదడం. మైనస్ ఎనిమిది. ఊపిరి ఆవిరి వాల్వుల్లో గడ్డకట్టి మూడో ఇంటికల్లా రెండో వాల్వు బిగుసుకుపోయింది. చలికి శ్రుతి దిగిపోతుంది, అందరిదీ దిగుతుంది కానీ ట్యూబాది ఎక్కువ దిగినట్టు వినిపిస్తుంది. మౌత్‌పీసు జేబులో పెట్టుకోవాలి, ఊదనప్పుడు కూడా లోపలికి వెచ్చని గాలి వదులుతూ ఉండాలి. ప్రతి ఇంట్లో చిన్న గ్లాసుల్లో ష్నాప్స్ పోస్తారు. నేను తాగను. నా వంతు గ్లాసు పెద్దాయన తీసుకుని, సగం తాగి, సగం నా వాల్వు మీద పోశాడు. కదిలింది. మేస్త్రికి చెప్తే తల కొట్టుకున్నాడు, ఇంటికెళ్ళగానే నూనె వేయమన్నాడు.

2025 ఫిబ్రవరి 8న దక్షిణ టిరోల్లో, అంటే ఇటలీ వైపు, రిటైరైన ఒక ట్యూబా ఆయన దగ్గర నాది దొరికింది. ఐదు వాల్వులు, పైన లక్క పూత అక్కడక్కడా పోయింది, సొట్టలు దాచలేదు, ఒక్కొక్కటీ ఎప్పుడు పడిందో చెప్పాడు. రెండు వారాలు తీసుకెళ్ళి ఊది చూడమన్నాడు, డబ్బు అడగలేదు. బ్యాండులో కూర్చుని ఊదితే కండక్టర్ ఏమీ అనలేదు, కర్ర ఆపలేదు. అదే నాకు కావాల్సింది. 4,600 యూరోలు, కస్టమ్స్ గొడవ లేదు. డబ్బు రెండు విడతల్లో కట్టాను, అందులో కొంత అమ్మ పంపింది, "చిన్నది" అని చెప్పగానే.

దాంతో కొత్త తిప్పలు. బే ట్యూబాలో వేలు నొక్కకుండా వచ్చే బే, ఎఫ్‌లో మొదటి వాల్వు నొక్కితే వస్తుంది. ఎఫ్‌లో నొక్కకుండా వచ్చే సి, బే ట్యూబాలో మొదటి వాల్వు. అచ్చంగా తారుమారు. నేను రోజూ ఊదే స్వరాల్లో ఎఫ్ ఒక్కటే రెండిట్లోనూ ఖాళీ చేత్తో వస్తుంది. మార్చిలో ఒక పుట్టినరోజు పార్టీలో టాంట్సెల్‌మూసీతో మొదటిసారి వాయిస్తూ, నాలుగో పాటలో చేతులు బే లెక్కలోకి వెళ్ళిపోయాయి. క్లారినెట్ అమ్మాయి నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది. ఎనిమిది బార్లు అలాగే ఊదాను, నాట్యం చేసేవాళ్ళు ఆగలేదు, లయ తప్పలేదు కాబట్టి. అప్పట్నుంచి ప్రతి పాటకి ముందు చప్పుడు రాకుండా సి, బే వేళ్ళతో ఒకసారి నొక్కి చూసుకుంటాను, ఆటో ఎక్కే ముందు జేబు తడుముకున్నట్టు.

ఏప్రిల్ 12 శనివారం బ్రాంజ్ బ్యాడ్జి పరీక్ష, బ్యాండుల్లో వాయించేవాళ్ళకి పెట్టేది. నా పక్కన రాస్తున్నవాళ్ళకి పదకొండేళ్ళు. ఒక పిల్లాడు "ఆంటీ, మీ అబ్బాయి ఎక్కడ?" అన్నట్టు ఏదో అడిగాడు. రాత పరీక్షలో మూడు చోట్ల "హా" రాయాల్సిన దగ్గర "బే" రాశాను, ముందే చెప్పాను కదా. ఊదడంలో స్కేళ్ళు, అంటే స్వరాల వరసలు, తర్వాత రెండు పాటలు. "గూట్" వచ్చింది, అంటే బాగుంది. పిల్లాడికి దానికన్నా రెండు మెట్లు పైది వచ్చింది. సాయంత్రం బ్యాండు గదిలో పిన్ను నా జాకెట్టుకి పెద్దాయనే గుచ్చాడు, వంకరగా.

లెక్క అడిగేవాళ్ళ కోసం: ఇరవై రెండు నెలల్లో అన్నీ కలిపి, ఈ-ఫ్లాట్ నష్టంతో సహా, దాదాపు 6,700 యూరోలు. బ్యాండు ఇచ్చినదాంతోనే సరిపెట్టుకుని ఉంటే దాదాపు పదకొండు వందలతో పోయేది. కాలం లెక్క వేరే ఉంది, ఒక్క 2024లోనే 48 రిహార్సళ్ళు, 23 అవుస్‌రూకుంగ్‌లు. శుక్రవారం రాత్రి సినిమా అనే మాట మా ఇంట్లో పోయింది.

మొన్నటి ఊరేగింపులో ఎఫ్ ట్యూబాతో హాయిగా నడిచాను, తుపాకులు పేలేముందు దించాను, పెదవి చిట్లలేదు. చివర్లో పెద్దాయన ఎందుకో వెనకబడ్డాడు. బల్లల దగ్గర కూర్చున్నాక చెప్పాడు, మోకాలికి ఆపరేషన్ అట, వచ్చే బుధవారమే. జూన్ 29 హెర్ట్స్-యేసుకి బ్యాండులో బాస్ నేనొక్కదాన్నే. కింది వరస ఎవరో ఒకరు ఊదాలి కదా. ఆయన ఇంకేమీ అనకుండా తన భుజం బెల్టు విప్పి నాకిచ్చాడు, వెడల్పుది, లోపల గొర్రె ఉన్ని కుట్టించుకున్నది. కొలత నాకు చాలా పెద్దది. ఇప్పుడే కొత్త కన్నాలు పొడిచి సరిచేశాను, మూడు కన్నాలు పట్టింది.